ఖమ్మం వెళ్లిన షేర్వాణీ

మా ఇంట్లో అందరం కలిసి రైలెక్కి మూడేళ్లు దాటింది. అబ్బాయికి సెలవు దొరికితే కోడలికి దొరకదు, ఇద్దరికీ దొరికితే మనవరాలికి పరీక్షలు వస్తాయి. అందుకే రెజిమెంటల్ బజారులో ఉండే మా దర్జీ మిత్రుడు వచ్చి, "మావోని నిఖా ఖమ్మంల బావా, ఐతారం పొద్దుగాల పదకొండు గంటలకు. శనివారమే అందరు రావాలె" అని పెళ్లికార్డు చేతిలో పెట్టగానే, నేను డైరీలో ఆ శని, ఆదివారాల పేజీలు రెండూ కలిపి అడ్డంగా గీత గీసి 'ఖమ్మం, అయిదుగురం' అని రాసుకున్నాను. సాయంత్రానికల్లా టికెట్లు కూడా తీసుకున్నాం. పెళ్లి ఆదివారం కాబట్టి శనివారం మధ్యాహ్నం ఖమ్మం కోట చూడాలని మనవరాలు నిర్ణయించింది.

ఆ మిత్రుడి గురించి కొంచెం చెప్పాలి. నేను విజయనగరం వైపు నుంచి ఉద్యోగానికి సికింద్రాబాద్ వచ్చాను. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో కొలతలు తనిఖీ చేసే పని. చక్రాలు, ఇరుసులు, బుష్షులు పనివాళ్లు తయారుచేస్తే అవి కాగితం మీది కొలతకు సరిపోయాయో లేదో చూడటం. కొత్త ప్యాంట్లకోసం వెతుక్కుంటూ మొదటిసారి అతని దుకాణం మెట్లెక్కాను. అప్పటికి అతను తండ్రి దగ్గర పని నేర్చుకుంటున్న యువకుడు. ఇద్దరిదీ కొలతల బతుకే కావటంతో మాటలు కలిశాయి. తర్వాత మా పెళ్లయి, జాకెట్లు కుట్టించుకోవడానికి మా ఆవిడ వెళ్తే ఆమెను చెల్లెమ్మా అన్నాడు. దాంతో నేను బావనయ్యాను. నలభై ఏళ్లుగా ఆ వరస అలాగే నడుస్తోంది. బావకు బావను ఎంత మాటైనా అనే హక్కుందని ఇద్దరం గట్టిగా నమ్ముతాం.

అతనికి ఒక్కడే కొడుకు. అయిదేళ్ల కిందట ఆ అబ్బాయి విజయవాడలో పెద్ద రెడీమేడ్ బట్టల షోరూంలో ఉద్యోగంలో చేరాడు. వేరే ఏ ఉద్యోగమైనా మా బావ సంతోషించేవాడు. రెడీమేడ్ అనేసరికి అతనికి మనసు విరిగింది. "నా దుకాణం ముంగట బోర్డు తీసేసినట్టుంది బావా" అన్నాడు ఆ రోజు. గొడవేమీ జరగలేదు. మాటలు మాత్రం ఆగిపోయాయి. అబ్బాయి ఇంటికి వస్తాడు, తింటాడు, తల్లితో మాట్లాడతాడు. తండ్రికి చెప్పాల్సింది నాకు చెబుతాడు, తండ్రి ఇచ్చే జవాబు కూడా నా ద్వారానే వెళ్తుంది. ఇద్దరి మధ్య నేను పోస్టాఫీసునయ్యాను.

పెళ్లి కుదిరాక మా బావ నాతో చెప్పిన మాట ఇది: "పెండ్లి షేర్వాణీ నేనే కుడ్త. కండ్లు మసకైతున్నయ్, ఇగ పెద్ద పని పట్టను. ఇదే ఆఖరిది. ఆడు తొడుక్కుంటడో లేదో అడుగు."

అడిగాను. అబ్బాయి "తొడుక్కుంటా మామా. గానీ దుకాణం కాడికి రాను. నువ్వే కొలతలు తీస్కో" అన్నాడు. తండ్రి దగ్గరికెళ్లి చేతులెత్తి నిలబడటం ఆ అబ్బాయికి కష్టంగా ఉంది. వచ్చి నిలబడరా అని పిలవడం తండ్రికి కష్టంగా ఉంది. అలా ఒక ఆదివారం మెట్టుగూడలో మా ముందుగదిలో, మా బావ ఇచ్చిన టేపుతో నేను పెళ్లికొడుకును కొలిచాను. నేను చదువుతుంటే మనవరాలు డైరీలో రాసింది. తర్వాత నేను వాటిని వేరే కాగితం మీద శుభ్రంగా ఎత్తి రాసి, మడిచి, రెజిమెంటల్ బజారుకు తీసుకెళ్లి ఇచ్చాను.

వెళ్లబోతూ ఆ అబ్బాయి గుమ్మం దగ్గర ఆగాడు. "మామా, సరిగ్గ రాకపోతే మాత్రం నేను ఏసుకోను. నలుగుట్ల నవ్వులపాలయితం, నేనూ ఆయన. మా షోరూంది ఒకటి తెచ్చి బ్యాగుల పెట్టుకుంట. నాయినకు చెప్పకు."

నేను చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచీ ఆ రెండో షేర్వాణీ నా మనసులో ఒక మూలన ఉండిపోయింది. ట్రయల్ వేయించుకుందామని ఒకసారి మెల్లగా అన్నాను. "నేను కుట్టినదానికి ట్రయలేంది" అన్నాడు మా బావ. ఆ మాట అక్కడితో ఆగింది.

శనివారం పొద్దున సికింద్రాబాద్‌లో రైలెక్కాం. వాళ్లింటి ఆడవాళ్లు, బంధువులు ముందురోజే బస్సులో వెళ్లిపోయారు. ఆఖరి గుండీల పని ఉందని మా బావ ఆగి మాతో వచ్చాడు. షేర్వాణీని తెల్లటి గుడ్డలో చుట్టి, పసిపిల్లవాడిని పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మా ఆవిడ మినపరొట్టె ముక్కలు, ఆవకాయ ఉన్న డబ్బా తెరిచింది. "ఆ మూట పైన పెట్టీండి అన్నయ్యగారూ. రెండు చేతులా తిందురు గానీ."

"మూట కాదు చెల్లెమ్మా, పెండ్లికొడుకు. పైన పండవెడ్తె పెండ్లి చూస్తడా?"

"అయితే పెళ్లికొడుక్కి ఆవకాయ నూనె అంటకుండా చూసుకోండి. ఆనక మా రొట్టె మీద పెడతారు నేరం."

"మీ ఆవకాయ వాసన ఇప్పటికే లోపలి అస్తరు దాకా పోయింది. రేపు మౌల్వీసాబ్ ఆకలైతుందంటడు."

కోడలు అతనికి రొట్టె ముక్కలు తుంచి కాగితం మీద పెట్టింది. మనవరాలు కిటికీ దగ్గర కూర్చుని వచ్చే స్టేషన్ల పేర్లు నన్నడిగి ముందే రాసుకుని, వచ్చినప్పుడు టిక్కు పెట్టుకుంది. కాజీపేట దాటాక మా అబ్బాయి నిద్రపోయాడు. వరంగల్ దాటాక మా బావ మూట అంచు కొద్దిగా విప్పి నాకొక్కడికే చూపించాడు. మీగడ రంగు గుడ్డ, దానికంటే ఒక ఛాయ ముదురు దారంతో మెడ చుట్టూ సన్నటి పని. కాజాలన్నీ చేత్తో కుట్టినవి. "నెల రోజులు పట్టింది. కండ్లద్దాలు రెండు జతలు మార్చిన" అన్నాడు. ఆ కాజాల మీద వేలు పెట్టి చూశాను. మా వర్క్‌షాపులో అంత సమంగా పని చేసిన మనిషిని ఇద్దరు ముగ్గురిని మించి చూడలేదు.

ఖమ్మంలో పెళ్లికూతురి వాళ్లు ఫంక్షన్ హాలు పక్కనే రెండంతస్తుల ఇల్లు విడిదిగా ఇచ్చారు. మేం చేరేటప్పటికి పెళ్లికొడుకు విజయవాడ నుంచి వచ్చి మేడమీద గదిలో ఉన్నాడు. నన్ను చూసి, "మామా, తెచ్చిండా?" అన్నాడు. మూట పట్టుకున్న తండ్రి అక్కడే రెండడుగుల దూరంలో ఉన్నాడు.

షేర్వాణీ తొడిగాం.

అది ఆ అబ్బాయి ఒంటిమీద కూర్చోలేదు, వేలాడింది. ఛాతీ దగ్గర రెండు మడతలు పడ్డాయి. భుజాలు కిందికి జారి, చేతులు కాస్త వేళ్ల మీదికి వచ్చినట్టున్నాయి. నడుం దగ్గర ఇంకో మనిషి కూడా పట్టేటంత గుడ్డ ఉంది. మనవరాలు ఏదో అనబోతే కోడలు దాని భుజం మీద చెయ్యి వేసింది.

మా బావ చుట్టూ తిరిగి ఒకసారి చూశాడు. గుడ్డను వేళ్లతో పట్టి ఒక మడత పెట్టి వదిలేశాడు. తర్వాత వెళ్లి మంచం మీద కూర్చున్నాడు.

"కండ్లు కాదు బావా. చెయ్యి సుత పోయింది" అన్నాడు. "నాకు ఎరుక కాలె."

అబ్బాయి గుండీలు విప్పుకుంటున్నాడు. అతని చూపు గోడ పక్కన ఉన్న బ్యాగు మీదికి పోవడం నేను చూశాను.

చేతిపని చూస్తే ఎక్కడా వంక లేదు. కుట్లు తిన్నగా ఉన్నాయి, కాలరు మెడను చక్కగా పట్టుకుంది. ఒకే మనిషి కొన్నిచోట్ల అంత కచ్చితంగా, కొన్నిచోట్ల ఇంత వదులుగా ఎలా కుడతాడు? ఏయే చోట్ల వదులైందో మళ్లీ చూశాను. ఛాతీ, నడుము, భుజం. పొడవు సరిగ్గానే ఉంది. అప్పుడు నేను రాసిచ్చిన చీటీ గుర్తొచ్చింది.

మా వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉంది. పనివాడి చేతికి వెళ్లే కాగితం మీద ఉండేది ఆఖరి అంకె. వదలాల్సిన సందు ఎంతో లెక్కేసి, కలిపి, అప్పుడే కిందికి పంపాలి. యంత్రం దగ్గరున్న మనిషి సొంతంగా ఏదీ కలపకూడదు. ముప్పై నాలుగేళ్లు నేను ఆ పద్ధతిలో బతికాను. షేర్వాణీకి ఒంటి కొలత మీద ఎంత లూజు వదులుతావని ఎప్పుడో ఒకసారి మా బావను అడిగితే, ఛాతీకి మూడించులు, నడుముకు మూడు, భుజానికి అర అని చెప్పాడు. అది రాసిపెట్టుకున్నాను. ఎత్తి రాసిన రోజున, మసకబారిన కళ్లతో అతనికి మళ్లీ లెక్క ఎందుకని, నేనే అవన్నీ కలిపి ఆఖరి అంకెలు వేసి ఇచ్చాను. దర్జీల పద్ధతి వేరని నాకు తట్టలేదు. వాళ్ల పుస్తకంలో ఉండేది ఒంటి కొలత. లూజు కత్తెరలో ఉంటుంది.

"బావా" అన్నాను. "తప్పు నీది కాదు. నాది."

"ఊకో. నన్ను సముదాయించకు."

"సముదాయించడం లేదు. నా చీటీలో చెస్టు ఎంతుంది?"

"నలభై ఒకటి."

"అది ఒంటి కొలత కాదు. లూజు కలిపి రాశాను."

అతను తల పైకెత్తాడు. "కలిపి?"

"మూడించులు."

"నేను సుత మూడు కలిపిన గదా."

"అదే చెబుతున్నాను."

"నువ్వు కలుపుడేంది బావా? కత్తెర పట్టేది నువ్వా నేనా?"

"నీకు పని తగ్గుతుందని."

"మస్తు తగ్గించినవ్."

మా ఆవిడ నావైపు చూసిన చూపు గురించి రాయను. "ఏటండీ ఇది. మనుషుల్ని చక్రాల్లా కొలిచీసారా?" అంది.

మా బావ జేబులోంచి టేపు తీసి, షేర్వాణీని మంచం మీద పరచి ఛాతీ దగ్గర కొలిచాడు. అంకె కనబడక కోడలికి చూపించాడు. "నలభై నాలుగు" అంది కోడలు. నడుము కొలిచాడు, భుజం కొలిచాడు. ప్రతి అంకె నా చీటీ మీద తాను కలపాల్సినంతే కలిపినట్టు తేలింది.

"నూలుపోగంత తేడా లేదు" అన్నాడు. ఆ గొంతులోకి ప్రాణం వచ్చింది. "నా చెయ్యి మంచిగనే ఉన్నది. ఖరాబైంది బావ దిమాకు." లేచి నిలబడ్డాడు. పెళ్లికొడుకు అప్పటికే బ్యాగు జిప్పు సగం తీశాడు. మా బావ అటు చూశాడు. లోపలేముందో అతనికి అర్థమయ్యే ఉంటుంది. దర్జీకి కవర్లోంచి కనబడే కాలరు చాలు.

"గా బ్యాగు తర్వాత చూద్దాం" అన్నాడు. అన్నది నాతో కాదు. "ఇటు రా. చేతులు లేపు."

అబ్బాయి ఒక్క క్షణం నావైపు చూశాడు. అలవాటు. నేను కిటికీలోంచి బయటికి చూడసాగాను. అతను వచ్చి తండ్రి ముందు నిలబడి చేతులెత్తాడు.

"ఎంతున్నదో నువ్వే చదువు. నాకు చిన్న అంకెలు అవుపడ్తలేవు."

"ముప్పై అయిదు."

"కడుపు లోపలికి గుంజకు. పెండ్లిపిల్ల ఈడ లేదు."

"గుంజలే."

"గుంజినవ్. ఊపిరి ఇడువు. ఇప్పుడు?"

"ముప్పై ఆరు."

"గదీ."

కొలతలు అయ్యాయి. ఇక మిషన్ కావాలి. మర్నాడు పదకొండుకు నిఖా. కోడలు బాల్కనీలోంచి చూసి, ఎదురు సందులో జాకెట్లు కుట్టే చిన్న దుకాణం ఉందని చెప్పింది. అందరం దిగి వెళ్లాం. ఆ దుకాణం నడిపే ఆవిడకు నలభై ఏళ్లుంటాయి. మెడలో టేపు, పక్కన జాకెట్ల గుట్ట.

"మిషన్ ఇయ్యలేనండి" అందావిడ. "రేపు పొద్దుటికి ఎనిమిది జాకెట్లు ఇయ్యాలి. హుక్కులే కుట్టలేదు ఇంకా."

మా ఆవిడ చెప్పులు బయట వదిలి లోపలికెళ్లి చాప మీద కూర్చుంది. "హుక్కులు మేం కుట్టీస్తాం. మా కోడలూ నేనూ. మీరు మిషన్ ఈయనకివ్వండి, ఇద్దరి పనీ అయిపోద్ది."

ఆవిడ మా ఆవిడ కుట్టిన మొదటి రెండు హుక్కులు లాగి చూసింది. తర్వాత మిషన్ ముందు నుంచి లేచింది.

మా అబ్బాయి మనవరాలిని తీసుకుని కోటకు వెళ్లాడు. నేను కూడా ఏదైనా సాయం చేద్దామని టేపు అందుకోబోయాను. "బావా" అన్నాడు మిత్రుడు. "గా కుర్సీల కూసో. దేన్నీ కొలువకు." దుకాణం ఆవిడకు సంగతి ఎవరూ చెప్పకపోయినా ఆ టేపును కూడా తీసి తన మెడలోనే వేసుకుంది.

భుజం తగ్గించాలంటే చేతులు ఊడదీయాలి. చేతులు ఊడదీయాలంటే అస్తరు విప్పాలి. పెళ్లికొడుకు బ్లేడు తీసుకుని ఆ పనికి కూర్చున్నాడు. ఒక కుట్టు వదిలి ఒక కుట్టు తెంపుతూ, దారాన్ని లాగి, గుడ్డకు గీత పడకుండా విప్పుతున్నాడు. మా బావ కాసేపు చూశాడు.

"షోరూంల ఇదే పనా?"

"ఆల్టరేషన్ కౌంటర్ నాదే. ఇరవై మందున్నరు నా కింద."

"నువ్వు అమ్ముతవనుకున్న."

"అమ్మేటోళ్లు వేరే. ఎవరి ఒంటికి ఏదీ సరిపోదు గదా నాయినా. అన్నీ మా కాడికే వస్తయ్."

మా బావ మిషన్ తొక్కడం ఆపాడు. అయిదేళ్లలో ఆ సంగతి నాకూ తెలియదు. నేను మోసిన మాటల్లో ఎప్పుడు వస్తావు, ఎప్పుడు వెళ్తావు, మందులు వేసుకుంటున్నాడా అన్నవే ఉండేవి. ఏం పని చేస్తున్నావని తండ్రి అడగమనలేదు, నాకు అడగాలనిపించలేదు.

"దారం తెంపుడు మంచిగనే ఉన్నది" అన్నాడు మా బావ కాసేపటికి, మళ్లీ తొక్కుతూ.

సాయంత్రం నమాజుకు ముందే పని అయిపోయింది. మనవరాలు కోట నుంచి వేడి మిరపకాయ బజ్జీల పొట్లంతో తిరిగొచ్చి, పైనుంచి చూస్తే ఊరంతా కనిపించిందనీ, ఫిరంగి మీద కూర్చోనివ్వలేదనీ చెప్పింది. బజ్జీలు షేర్వాణీ దగ్గరికి తేకూడదని దుకాణం ఆవిడ దాన్ని మెట్ల మీద కూర్చోబెట్టింది. ఎనిమిది జాకెట్లకు హుక్కులూ అయ్యాయి. ఇంకోసారి ఖమ్మం వస్తే నేరుగా తన దుకాణానికే రమ్మని మా ఆవిడతో అంది.

ఆదివారం పొద్దున పెళ్లికొడుకు హాల్లోకి వస్తుంటే షేర్వాణీ అతనితో పాటు నడిచింది. అంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలియదు. నిఖా చదివారు, సాక్షులు సంతకాలు చేశారు, ఖర్జూరాలు పంచారు. తర్వాత అందరూ వరసగా వచ్చి పెళ్లికొడుకును కౌగిలించుకున్నారు. ఖమ్మం వాళ్లు గట్టిగా కౌగిలించుకునే మనుషులు. ఒక్కొక్కరూ కౌగిలించుకున్నప్పుడల్లా మా బావ పెళ్లికొడుకు ముఖం చూడకుండా భుజం కుట్టు చూశాడు. పెళ్లికూతురి మేనమామ, బాగా లావుపాటి మనిషి, చేతులు చాపి వస్తుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కుట్టు నిలబడింది.

ఆఖరున తను వెళ్లాడు. కొడుకును కౌగిలించుకుని, రెండు చేతులూ వీపు మీద వేసి, నడి కుట్టు వెంబడి వేళ్లు మెల్లగా కిందికి జరుపుకుంటూ వచ్చాడు. చూసేవాళ్లకు తండ్రి వీపు నిమురుతున్నట్టే ఉంది.

"జెర బిగువైందా?" అన్నాడు.

"లేదు నాయినా."

"నిజం చెప్పు."

"ఊపిరాడుతుంది."

అయినా అతను వెంటనే వదల్లేదు.

భోజనాల దగ్గర ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, నేను వాళ్లకు ఎదురుగా. బిర్యానీ వడ్డించగానే మొదలైంది. షోరూముల్లో కాజాలు మిషన్ మీద వేస్తారనీ, రెండేళ్లకు దారం పైకి లేస్తుందనీ తండ్రి అన్నాడు. షేర్వాణీ రెండేళ్లు ఎవరు తొడుక్కుంటారని కొడుకు అన్నాడు. అయితే గుడ్డ ఎందుకు, కాగితంతో కుట్టమని తండ్రి. కాగితమైనా కొలత సరిగ్గా తీసి కుడతామని కొడుకు, నావైపు చూస్తూ. ఇద్దరి గొంతులూ పెరిగాయి. మేనమామ చేతిలో ముద్ద ఆపి చూస్తున్నాడు.

"ఏటండీ, పెళ్లిలో ఈ తగువేటి" అంది మా ఆవిడ నెమ్మదిగా. "ఇద్దరూ మీ మాటే కదా వింటారు. మీరైనా చెప్పండి."

నేను దాల్చా గిన్నె నావైపు జరుపుకున్నాను. వాళ్లిద్దరిలో ఎవరూ నాకు ఒక్క మాట కూడా మోయమని ఇవ్వలేదు.